వినోదానికి స్కీయింగ్ చేసేవారు తమ బలాలను గుర్తించడం ఎలా

స్కీలు అద్దెకు ఇచ్చే దుకాణంలో మొదట మీ చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో మీ బరువు, ఎత్తు, వయసు రాయాలి. బూటు అడుగు పొడవును దుకాణంలోని వారే చూసి వేసుకుంటారు. ఆ తరువాత ఒక ప్రశ్న ఉంటుంది: మీరు 1, 2, 3 రకాలలో ఏ రకం స్కీయరు? తక్కువ వాలు మీద నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్లేవారు మొదటి రకం. నిటారు వాలు మీద వేగంగా, దూకుడుగా వెళ్లేవారు మూడవ రకం. ఈ ఇద్దరికీ మధ్యనున్నవారు రెండవ రకం. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను ఎంత బిగించాలో నిర్ణయించడంలో ఈ జవాబుకు కూడా పాత్ర ఉంది. తక్కువ చెప్పుకుంటే అవసరం లేనప్పుడు కూడా బూటు ఊడి రావచ్చు. ఎక్కువ చెప్పుకుంటే పడిపోయినప్పుడు బూటు ఊడక మోకాలు మెలితిరగవచ్చు. బరువును, ఎత్తును కొలవడానికి సాధనాలున్నాయి. ఈ చివరి ప్రశ్నకు సరైన జవాబు రాయాలంటే మాత్రం మిమ్మల్ని మీరు ముందుగా గమనించుకుని ఉండాలి.

ఆ గమనింపు ఎలా చేసుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. పోటీలలో పాల్గొనేవారి కోసం కాక, చలికాలంలో నాలుగైదు వారాంతాలో, ఏడాదికి ఒక్క వారమో మంచు కొండల మీద గడిపేవారి కోసం దీనిని రాస్తున్నాను. మనవాళ్లలో ఇప్పుడు ఇలాంటివారు తక్కువేమీ కాదు. కాలిఫోర్నియాలో ఉంటున్నవారు తాహో సరస్సు చుట్టూ ఉన్న కొండలకు, న్యూజెర్సీలో ఉంటున్నవారు పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండలకు వెళ్తున్నారు. హైదరాబాదు నుంచి కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కో ఉత్తరాఖండ్‌లోని ఔలీకో వెళ్లి నేర్చుకుంటున్నవారూ ఉన్నారు. వీరిలో ఎక్కువమంది పెద్దయ్యాక నేర్చుకున్నవారే కాబట్టి, మంచులోనే పుట్టి పెరిగిన తోటివారి పక్కన నిలబడినప్పుడు తమకు రానివన్నీ కళ్లకు కడతాయి గాని, వచ్చినవి కనిపించవు.

నేను కృష్ణా జిల్లాలో పెరిగి, 36వ ఏట తాహోలో మొదటిసారి స్కీలు తొడుక్కున్నాను. ఆరు సీజన్ల పాటు నాకు ఏది బాగా వచ్చునో నాకు తెలియలేదు. ఏడవ సీజన్‌లో, రాత్రి వాన పడి తెల్లవారేసరికి గడ్డకట్టిన ఒక ఉదయం, మేము నలుగురం దారి తప్పి అద్దంలా మెరుస్తున్న నిటారు వాలు పైఅంచుకు చేరుకున్నాము. నాకన్నా వేగంగా, అందంగా వెళ్లే మిత్రులు ఇద్దరు అక్కడే ఆగిపోయారు. నేను స్కీలను వాలుకు అడ్డంగా పెట్టి, వాటి అంచులను కొద్దికొద్దిగా వదులుతూ, మళ్లీ పట్టిస్తూ, పక్కవాటుగా జారుతూ కిందికి దిగాను. కొంత దిగి ఆగి, ఒక మిత్రుడిని నా వెనకే నెమ్మదిగా దించుకున్నాను. అప్పటివరకు ఆ జారుడును నా భయానికి గుర్తుగానే భావించాను. నిటారు వాలంటే భయం కనుక దానినే వందలసార్లు చేశాను. వందలసార్లు చేసినందున అది నాకు అందరికన్నా బాగా వచ్చింది. ఆ రోజు నుంచి నా గురించి నేను వేసుకునే ప్రశ్న మారింది, కింద చెప్పే పద్ధతి కూడా అప్పటినుంచే మెల్లగా రూపుకట్టింది.

ముందుగా పక్కన పెట్టవలసిన కొలతలు

మొదటి పనిగా, వాలు రంగును మీ సామర్థ్యానికి కొలతగా వాడుకోవడం మానివేయండి. అమెరికాలో ఆకుపచ్చ వృత్తం, నీలి చతురస్రం, నల్ల వజ్రం గుర్తులు ఉంటాయి. ఐరోపాలో సాధారణంగా నీలం, ఎరుపు, నలుపు రంగులు వాడతారు, కొన్ని దేశాలలో వీటికి ముందు ఆకుపచ్చ కూడా ఉంటుంది. అమెరికాలో ఈ గుర్తులు ఒక కొండ మీది వాలులను ఆ కొండ మీది మిగతా వాలులతో పోల్చి ఇచ్చినవి. అందువల్ల ఒక చోట నీలిగుర్తు ఉన్న వాలు మరో చోట ఉండి ఉంటే దానికి నల్లగుర్తు పడేదేమో. పైగా అదే వాలు నిన్న మెత్తగా ఉండి నేడు గడ్డకట్టి ఉంటే, పలక మీది గుర్తు మారదు గాని మీ కాళ్ల కింద అది పూర్తిగా వేరే వాలు.

వేగాన్ని కూడా పక్కన పెట్టండి. వేగం కొండ ఇచ్చేది, ఎవరు నిలబడినా ఇస్తుంది. ఎంత వేగం కావాలో మీరు నిర్ణయించుకుని, దానిని అక్కడే నిలుపుకోగలిగితే అది మీది. భయం లేకపోవడాన్ని బలంగా లెక్కించకండి, ఎందుకంటే ప్రమాదం కనిపించనివారికి కూడా భయం ఉండదు. ఖరీదైన స్కీల విషయం వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ తీసివేస్తే మిగిలేదేమిటి? మంచు తీరు మారినా, వాలు మారినా, కాళ్లు అలసినా, పక్కన ఎవరున్నా మీతో నిలిచి ఉండే పనితనమే మీ బలం. అది చాలా చిన్నదిగా, చాలా ప్రత్యేకమైనదిగా ఉండవచ్చు, దానికి సిగ్గుపడవలసిన పని లేదు. స్వీడన్‌కు చెందిన ఇంగెమార్ స్టెన్‌మార్క్ 1974 నుంచి 1989 వరకు ప్రపంచ కప్ పోటీలలో 86 విజయాలు సాధించాడు. 2023లో అమెరికా స్కీయరు మికేలా షిఫ్రిన్ దాటేవరకు ఆ సంఖ్యను ఎవరూ దాటలేదు. ఆ 86లో 46 జెయింట్ స్లాలమ్‌లో, 40 స్లాలమ్‌లో వచ్చినవి; రెండూ మంచులో పాతిన గుర్తుల మధ్య మలుపులు తిప్పుతూ దిగే పోటీలు. అన్నింటికన్నా వేగవంతమైన డౌన్‌హిల్ పోటీలో ఆయన గెలిచింది ఒక్కటీ లేదు. మలుపు తిప్పడమే ఆయన బలం, ఆ బలం మీదనే తన జీవితమంతా కట్టుకున్నాడు. ప్రపంచంలో అంతటి స్కీయరుకే అన్నీ సమానంగా రాలేదన్నప్పుడు, ఏడాదికి పది రోజులు మంచు మీద గడిపే మనకు అన్నీ రావాలని పట్టుపట్టడం న్యాయం కాదు.

దేనిని వెతుకుతున్నారో దానికి పేరు పెట్టుకోవడం

నేర్పేవారు స్కీయింగ్‌లోని పనితనాన్ని స్థూలంగా నాలుగు భాగాలుగా చూస్తారు: స్కీల మీద శరీరాన్ని సమతూకంగా నిలుపుకోవడం, నడుము పైభాగాన్ని కదలనీయకుండా కాళ్లను తిప్పడం, స్కీ అంచును మంచులోకి కావలసినంత మాత్రమే పట్టించడం, రెండు కాళ్ల మీద పడే ఒత్తిడిని ఎక్కువతక్కువలు చేయడం. ఈ నాలుగింటికి నేను మరో మూడు కలుపుతాను: లయ, మంచును చదవడం, నిర్ణయం తీసుకోవడం. ఈ ఏడు పేర్లను ఒక చిన్న పుస్తకంలో పేజీకి ఒకటిగా రాసుకోండి. ఇకముందు చేసే ప్రతి పరీక్ష ఫలితం వీటిలో ఏదో ఒక పేజీలోకి చేరుతుంది.

తేలికైన వాలు మీద ఒక ఉదయం

పరీక్షలన్నీ మీకు పూర్తిగా సులువైన వాలు మీదనే చేయండి. కష్టమైన వాలు మీద మనిషి బతికి బయటపడడానికి ఏది చేతనైతే అది చేస్తాడు; ఆ తొందరలో ఏది నిజంగా వచ్చునో తెలియదు. జనం తక్కువగా ఉండే వేళ చూసుకోండి, బయలుదేరే ముందు పైకి చూసి ఎవరూ రావడం లేదని నిర్ధారించుకోండి, ఆగవలసి వస్తే వాలు పక్కకు వచ్చి ఆగండి. మంచు మీదికి వెళ్లిన మొదటి రోజు ఈ పని పెట్టుకోవద్దు. ఎత్తైన చోట్ల ఇది మరింత ముఖ్యం. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి గొండోలా (కేబుల్ కారు) రెండవ దశ అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటిన చోటికి చేరుస్తుంది. మైదానం నుంచి విమానంలో నేరుగా వచ్చినవారికి మొదటి రోజు అయ్యే ఆయాసానికీ వారి పనితనానికీ సంబంధం లేదు.

మొదట ఒంటికాలి జారుడు. దాదాపు చదునుగా ఉన్న చోట నేరుగా జారుతూ కుడి స్కీని అంగుళం ఎత్తు లేపి మనసులో లెక్కపెట్టండి, తరువాత ఎడమది. అయిదు అంకెలు తడబడకుండా లెక్కపెట్టగలిగితే సమతూకం మీకు బాగానే ఉంది. రెండు కాళ్లకూ మధ్య తేడా తప్పకుండా ఉంటుంది, ఆ తేడాను రాసుకోండి. దాదాపు ప్రతివారికీ ఒక వైపు మలుపు మరో వైపు మలుపుకన్నా బాగుంటుంది. దానికి కారణం చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

రెండవది పక్కవాటు జారుడు. స్కీలను వాలుకు సరిగ్గా అడ్డంగా ఉంచి నిలబడండి. మోకాళ్లను, చీలమండలను కొద్దిగా వాలు కింది వైపుకు సడలిస్తే అంచులు మంచును వదులుతాయి, మీరు పక్కకు జారుతారు. మళ్లీ కొండ వైపుకు వాల్చితే అంచులు పట్టుకుని ఆగుతారు. ఒక బారెడు జారి ఆగడం, మళ్లీ బారెడు జారి ఆగడం పదిసార్లు చేయండి. జారిన దారి నిట్టనిలువుగా కిందికి ఉందా, ముందుకో వెనక్కో కొట్టుకుపోయిందా చూడండి. ముందుకు పోతే మీ బరువు స్కీ మొన వైపు, వెనక్కు పోతే మడమల వైపు ఉందని అర్థం. ఇది సరిగ్గా వస్తే ఫాలింగ్ లీఫ్ అని ఇన్‌స్ట్రక్టర్లు పిలిచే అభ్యాసాన్ని ప్రయత్నించండి: అడ్డంగా జారుతూనే బరువును కొంచెం ముందుకు తెస్తే ముందుకు, వెనక్కు తీస్తే వెనక్కు తేలుతూ, చెట్టు నుంచి రాలే ఆకులా అటూ ఇటూ ఊగుతూ దిగాలి. ఈ రెండూ నెమ్మదిగా చేయగలిగినవారు, మిగతా విషయాలలో వెనకబడి ఉన్నా సరే, దాదాపు ఏ వాలు నుంచైనా క్షేమంగా దిగి రాగలరు. ఇంత విలువైన పనితనాన్ని చూసి మెచ్చుకునేవారు తక్కువ, అందుకే దీని గురించి ఇంత వివరంగా చెబుతున్నాను.

మూడవది, చెప్పిన చోట ఆగడం. కింద ఒక గుర్తు ఎంచుకోండి, స్తంభం నీడ అయినా సరే. దాని దగ్గరకు వచ్చి రెండు స్కీలనూ ఒక్కసారిగా అడ్డం తిప్పి ఆగండి. గుర్తుకు ఒక స్కీ పొడవు లోపల ఆగారా? కుడి వైపుకూ ఎడమ వైపుకూ అదే విధంగా వచ్చిందా? కాళ్లను తిప్పే పనితనం, అంచు పట్టించే పనితనం రెండూ ఇందులో ఒకేసారి బయటపడతాయి.

చివరిది లయ. పది మలుపులు, పదీ ఒకే వెడల్పుతో, ఒకే వేగంతో తిప్పడానికి ప్రయత్నించండి. సంగీతమో నాట్యమో నేర్చుకున్నవారికి దీనికి చక్కని ఉపాయం ఉంది: మనసులో తాళం వేసుకుంటూ ఒక్కో మలుపుకు నాలుగు అక్షరాలు ఇచ్చి వెడల్పైన మలుపులు తిప్పండి, తరువాత తాళం నడక మార్చకుండా రెండవ కాలం అందుకుని, ఒక్కో మలుపుకు రెండు అక్షరాలే ఇవ్వండి. మలుపులు చిన్నవైనా వేగం పెరగకుండా, తాళం తప్పకుండా దిగగలిగితే లయ మీ బలమని నిస్సందేహంగా రాసుకోవచ్చు. మిట్టపల్లాలుగా ఉండే మోగల్స్ వాలుల మీదికి వెళ్లాలనుకునేవారికి ఇది అన్నింటికన్నా ఎక్కువగా ఉపయోగపడుతుంది.

మీ జాడలను చదవడం

మనసు తన గురించి తాను చెప్పుకునే మాటలలో ఎక్కువతక్కువలు ఉంటాయి. మంచు మీద పడిన గీతలో అవి ఉండవు. అందుకే నేను అన్నింటికన్నా ఎక్కువగా నమ్మేది జాడలనే.

రాత్రి యంత్రాలతో చదును చేసిన వాలు మీద తెల్లవారేసరికి దువ్వెనతో దువ్వినట్లు సన్నని గీతలు ఉంటాయి. లిఫ్టు తెరిచిన మొదటి అరగంటలో, ఇంకా ఎవరూ తొక్కని పక్కగా పది మలుపులు తిప్పి, వాలు అంచుకు వచ్చి ఆగి, వెనుదిరిగి పైకి చూడండి. మళ్లీ లిఫ్టులో పైకి వెళ్తున్నప్పుడు పైనుంచి చూడండి. వంపుల ఆకారం అక్కడినుంచే స్పష్టంగా తెలుస్తుంది.

పెన్సిలుతో గీసినట్లు రెండు సన్నని గీతలు పక్కపక్కనే వంపు తిరిగి ఉంటే, మీ స్కీలు అంచుల మీదనే నడిచాయన్నమాట. ఈనాటి స్కీలు మొన దగ్గర, తోక దగ్గర వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా ఉంటాయి. ఒరిగించి బరువు వేస్తే అవి విల్లులా వంగి తామే వంపు తిరుగుతాయి. దీనినే కార్వింగ్ అంటారు. పది మలుపులలో మూడింటిలో ఇది కనిపించినా, ఆ మూడు ఎటువైపు మలుపులో, వాలులో ఏ భాగంలో వచ్చాయో రాసుకోండి.

గీతలకు బదులు చేటతో చెరిగినట్లు వెడల్పాటి మరక ఉంటే నిరాశపడకండి, ఆ మరకలో కూడా చదవవలసినది ఉంది. మలుపు మొదటి నుంచి చివరి వరకు మరక ఒకే వెడల్పుతో ఉంటే, మీరు జారుడును అదుపులో ఉంచి వేగాన్ని మలుపంతా సమానంగా తగ్గిస్తున్నారు. ఇరుకు దారులలో, గట్టి మంచు మీద ఇదే కావలసిన పని. మరక మలుపు చివర మాత్రమే ఒక్కసారిగా వెడల్పయితే, మీరు చివరి క్షణంలో బ్రేకు వేస్తున్నారు. లోపలి స్కీ గీత చెదిరి, బయటి స్కీ గీత తీరుగా ఉంటే, బయటి కాలి మీద బరువు సరిగ్గా వేస్తున్నారని సంతోషించవచ్చు. మలుపు పూర్తయ్యేసరికి వంపు దాదాపు అడ్డంగా తిరిగి, ఒక్కోసారి కొద్దిగా పైకి కూడా ఎక్కి ఉంటే, మీరు వేగాన్ని రాపిడితో కాక వంపు ఆకారంతోనే తగ్గించడం నేర్చుకున్నారు. మధ్యస్థాయి స్కీయర్లలో నేను చూసినంతవరకు ఈ ఓపిక అరుదు. మీ జాడలో అది కనిపిస్తే పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసుకోండి.

మంచు మారినప్పుడు నిలిచేది ఏది

తెలుగులో తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకునేదీ మంచే, గడ్డి మీద నిలిచే బిందువూ మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. మన నేలకు ఆ ఒక్క మాట చాలింది. స్కీయరుకు మాత్రం అది చాలదు. పొడిగా, తేలికగా మోకాలి లోతున పడిన కొత్త మంచు వేరు. పసిఫిక్ సముద్రపు తేమతో తాహో కొండల మీద బరువుగా పడి, సియెర్రా సిమెంట్ అని స్థానికులు పిలిచే మంచు వేరు. రాత్రి గడ్డకట్టిన గట్టి మంచు వేరు. వసంతకాలంలో పగలు కరిగి రాత్రి గడ్డకడుతూ జొన్న గింజల్లా తయారయ్యే మంచు వేరు. సాయంత్రానికి జనం తొక్కి కుప్పలు కుప్పలుగా మిగిల్చిన మంచు వేరు.

మీరు చేయవలసిందల్లా వీలైనన్ని రకాల మంచు మీద ఒకే సులువైన వాలును దిగి, ఎక్కడ మీ పద్ధతి చెదరలేదో గమనించడం. గట్టి మంచు మీద అందరూ బిగుసుకుపోయినప్పుడు మీరు మామూలుగా ఉండగలిగితే అంచు మీద మీకు పట్టు ఉంది. మెత్తని బరువైన మంచులో కాళ్లు చిక్కుకోకుండా రెండు స్కీలనూ ఒకే పలకలా నడపగలిగితే ఒత్తిడిని పంచడం మీకు వచ్చు. మబ్బు కమ్మి నీడలన్నీ మాయమై, ఎగుడుదిగుళ్లు కనిపించని వెలుతురులో కూడా పాదాలతోనే నేలను తెలుసుకుని దిగగలిగితే, అది సమతూకంలోని మేలురకం. కళ్ల మీదనే ఆధారపడేవారికి అది రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. లోతైన కొత్త మంచులో బాగా దిగగలగడం ఒక బలం. ఆ మంచు కొండ మీద నిలిచి ఉంటుందో, చరియగా విరిగి పడుతుందో చెప్పగలగడం పూర్తిగా వేరే విద్య. మొదటిది వచ్చినవారు రెండవది కూడా వచ్చిందని అనుకోవడం ప్రాణాంతకం. గుల్మార్గ్ పై భాగంలో ఉన్నట్టి, చదును చేయని వాలుల మీదికి వెళ్లాలంటే మంచుచరియల గురించి శిక్షణ, మంచు కింద చిక్కుకున్నవారి జాడ తెలిపే ట్రాన్స్‌సీవర్ అనే పరికరం, మంచులోకి గుచ్చి వెతికే ప్రోబ్ అనే పొడవాటి కడ్డీ, పార, వాటిని వాడడం తెలిసిన తోడు ఉండాలి. ఈ విషయాన్ని మీ బలాల పేజీలలో ఎక్కడా కలపవద్దు.

అలసిన కాళ్లు చెప్పే సాక్ష్యం

మధ్యాహ్నం మూడు గంటలకు మీ స్కీయింగ్ ఎలా ఉందో చూసుకోండి. అలసట వచ్చినప్పుడు కొత్తగా నేర్చుకున్నవి ముందుగా జారిపోతాయి, బాగా ఇంకినవి మిగులుతాయి. నిలబడిన తీరును కనిపెట్టడానికి అద్దం అక్కరలేదు: ముంగాలు బూటు ముందు నాలుకకు తేలికగా ఆని ఉందా, లేక పిక్క బూటు వెనక గోడను నొక్కుతోందా? తొడల ముందు భాగం మండిపోతోందంటే చాలావరకు మీరు కుర్చీలో కూర్చున్నట్లు వెనక్కు వాలి దిగుతున్నారు. సాయంత్రం వరకు తొడలు మండకుండా ఉంటే, మీ శరీరం స్కీల నడుమ సరైన చోట నిలబడుతోందని అర్థం. కొలమానాలు వేరే లేకపోయినా ఈ ఒక్కటి చాలా నిజం చెబుతుంది. అయితే దీనిని చూడడానికి అలసిపోయాక కూడా పట్టుబట్టి దిగవద్దు. అలసట తెలిసిన వెంటనే సులువైన వాలు మీద ఒక్కసారి గమనించుకుని ముగించండి.

పాత జీవితం నుంచి వచ్చినవి

మంచు మీద మీరు కొత్తవారు కావచ్చు, మీ శరీరం కొత్తది కాదు. చిన్నప్పుడు కబడ్డీ ఆడినవారికి నడుము దించి, ఎదుటివారిని చూస్తూ పక్కకు కదలడం తెలుసు. షటిల్ ఆడినవారి పాదాలు చురుకుగా ఉంటాయి. కూచిపూడిలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడడం నేర్చుకున్నవారికి పాదం కింద వచ్చే అతి చిన్న మార్పు కూడా తెలుస్తుంది. నాకు తెలిసిన ఒక నర్తకి మొదటి రోజే ఒంటికాలి జారుడు చేయడం కళ్లారా చూశాను. కాని ఏది పనికివస్తుందో, ఏది అడ్డుపడుతుందో విడదీసి చూసుకోవాలి. ఆమెకే అరమండి అలవాటు ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే అరమండిలో మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటాయి, స్కీల మీద అవి ముందుకు, పాదాల దిశలోనే వంగాలి. సమతూకం, లయ ఆమె బలాలయ్యాయి. నిలబడే తీరును మాత్రం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. మీరు కూడా ఏ ఆట, ఏ పని, ఏ కళ మీ శరీరంలో ఉందో రాసుకుని, ఏడు పేర్లలో దేనికి అది తోడ్పడుతుందో పక్కన రాయండి.

నిర్ణయంలో ఉన్న బలం

శరీరంతో సంబంధం లేని బలాలను మనం లెక్కలోకే తీసుకోము. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో రూపొందించిన ప్రవర్తనా నియమాలలో ముఖ్యమైనది ఇది: పైనుంచి వచ్చేవారు కింద ఉన్నవారికి ప్రమాదం కలగని దారిని ఎంచుకోవాలి. ఈ నియమాన్ని పాటించాలంటే ముందున్నవారు తరువాతి మలుపు ఎటు తిప్పుతారో ఊహించగలగాలి, దాని ప్రకారం మీ వేగాన్ని ముందే తగ్గించుకోగలగాలి. రద్దీగా ఉన్న వాలు మీద ఎవరినీ ఉలిక్కిపడేటట్లు చేయకుండా రోజంతా దిగగలిగినవారికి చూపు, అంచనా రెండూ ఉన్నాయి.

ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు రాసుకోండి. దిగడానికి ముందు మీరు దారిని ఎన్ని మలుపుల ముందుకు చూస్తారు? వాలు బాగా లేదని తోచినప్పుడు వెనక్కు తిరిగిన సందర్భాలు ఎన్ని? మిత్రులతో వెళ్లినప్పుడు అందరూ వచ్చారా లేదా అని ఆగి చూసేది ఎవరు? భయపడినవారు ఎవరి పక్కన దిగడానికి ఇష్టపడతారు? చివరి ప్రశ్నకు జవాబు మీరే అయితే, మీ వేగంలోను మాటలోను నిలకడ ఉందని ఇతరులు మీకన్నా ముందే గుర్తించారన్నమాట.

ఇతరుల కళ్లతో

ఒక మిత్రుడిని వాలు మధ్యలో పక్కగా నిలబెట్టి అర నిమిషం వీడియో తీయించుకోండి. ఒకటి పక్కనుంచి, ఒకటి కిందినుంచి చాలు. పక్కనుంచి తీసినది శరీరం ముందుకు ఉందో వెనక్కు ఉందో చెబుతుంది, కిందినుంచి తీసినది కుడి ఎడమల తేడాను చెబుతుంది. మొదటిసారి చూసినప్పుడు తప్పులే కనిపిస్తాయి కాబట్టి, మరునాడు మరోసారి చూసి, ఈసారి మార్చనక్కరలేనివి మాత్రమే రాసుకోండి.

పుస్తకం నిండాక

నాలుగైదు రోజులు గడిచాక ఏడు పేజీలను ఒకసారి తిరగేయండి. కనీసం మూడు వేర్వేరు రోజులలో, రెండు రకాల మంచు మీద సాక్ష్యం దొరికినదానినే బలంగా తీసుకోండి. ఒకే ఒక్క అద్భుతమైన ఉదయం మీద ఆధారపడి నిర్ణయించవద్దు. మామూలుగా ఒకటి లేదా రెండు తేలుతాయి. అంతకన్నా ఎక్కువ తేలితే సాక్ష్యాన్ని మళ్లీ చూసుకోండి.

తేలినదానిని బట్టి రోజును అమర్చుకోవచ్చు. అంచు మీద పట్టు ఉన్నవారు వాలు గట్టిగా, శుభ్రంగా ఉండే ఉదయం గంటలను వదులుకోకూడదు. లయ ఉన్నవారు చిన్న మోగల్స్‌ను, మెత్తబడిన మధ్యాహ్నపు మంచును వెతుక్కోవాలి. స్కీల ఎంపిక కూడా ఇక్కడినుంచే మొదలవుతుంది: చదును చేసిన వాలుల మీద అంచుతో దిగేవారికి స్కీ నడుము వెడల్పు 70 నుంచి 85 మిల్లీమీటర్ల మధ్య ఉన్నవి హాయిగా ఉంటాయి, కొత్త మంచులో తిరిగేవారికి 95 దాటినవి తేలికగా తేలుతాయి. స్కీ మీద అచ్చువేసి ఉండే వంపు వ్యాసార్ధం 12, 13 మీటర్లయితే చిన్న మలుపులకు, 17 దాటితే పెద్ద మలుపులకు ఎక్కువగా నప్పుతుంది.

అన్నింటికన్నా ముఖ్యంగా, తరువాతి పాఠానికి వెళ్లేటప్పుడు ఈ పుస్తకాన్ని ఉపయోగించుకోండి. ఇన్‌స్ట్రక్టరుతో ‘నాకు మధ్యస్థాయి వచ్చు’ అని చెబితే ఆయనకు తెలిసేది ఏమీ లేదు. దానికి బదులు మూడు వాక్యాలు చెప్పండి: నాకు స్థిరంగా వచ్చేది ఇది, దీనికి నా దగ్గర ఉన్న సాక్ష్యం ఇది, దీనిని ఆధారం చేసుకుని నేను తరువాత నేర్చుకోవలసినది ఏది? రెండు మలుపులు చూశాక, నా స్కీయింగ్‌లో మార్చకూడనిది ఏమిటో కూడా చెప్పమని అడగండి. నేను ఈ విధంగా అడిగిన మొదటి పాఠంలో, ఇన్‌స్ట్రక్టరు నన్ను కొత్త అభ్యాసాల వైపు తీసుకువెళ్లకుండా పక్కవాటు జారుడుతోనే మొదలుపెట్టించి, ఆ జారుడు మధ్యలో అంచును ఇంకొంచెం ఎక్కువసేపు పట్టించమని, పట్టిన అంచు మీద స్కీని ముందుకు నడవనివ్వమని చెప్పారు. గంటన్నర తరువాత వెనక్కు తిరిగి చూస్తే, వాలు మీద నా జీవితంలో మొదటిసారిగా రెండు సన్నని గీతలు కనిపించాయి. కుడి వైపు మలుపులలో మాత్రమే. ఎడమ వైపు సంగతి మరుసటి పేజీలో రాసుకున్నాను.